తెలుగు క్రీడావార్తల్లో బంధుత్వ పదజాలం: ప్రశంసలో పక్షపాతం

వ్యాససంగ్రహం:

వార్తల్లో పక్షపాతం అనగానే రాజకీయవార్తలే చర్చకు వస్తాయి. క్రీడల పుట ఆ చర్చకు వెలుపల ఉండిపోతుంది. తెలుగు దినపత్రికలు, వార్తాచానళ్లు క్రీడాకారిణుల విజయాలను చెప్పేటప్పుడు తరచు వాడే 'అమ్మాయి', 'బిడ్డ', 'ఆడపడుచు', 'బంగారు తల్లి' వంటి బంధుత్వపదాలను, వాటి వెంట వచ్చే ఏకవచన క్రియను, 'మన' అనే సర్వనామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆప్యాయతగా కనిపించే ఈ భాష క్రీడాకారిణి వృత్తినైపుణ్యాన్ని వెనక్కు నెట్టి, గెలుపు షరతు మీద ఆమెను ఇంటిమనిషిని చేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రీడావార్తలు, పక్షపాతం, బంధుత్వపదాలు, గౌరవవాచకం, సర్వనామం, క్రీడాకారిణులు.

1. ఉపోద్ఘాతం:

ఏ పత్రిక ఏ పార్టీకి దగ్గరో, ఏ చానల్ ఎవరిని సమర్థిస్తుందో తెలుగు పాఠకులకు తెలుసు. తెలుసు గనుకనే రాజకీయవార్తను కొంత తగ్గించుకునో, కొంత హెచ్చించుకునో చదువుతారు. క్రీడల పుట దగ్గరకు వచ్చేసరికి ఈ జాగ్రత్త సడలుతుంది. 2019లో బాసెల్‌లో పి.వి. సింధు 21-7, 21-7 తేడాతో నొజోమి ఒకుహారాను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యారన్న విషయం ఏ పత్రికలో చదివినా మారదు. అంకెలు మారని చోట పక్షపాతానికి తావు లేదన్న నమ్మకం ఇందులోంచే పుట్టింది.

అయితే వార్త అంకెలతోనే ఏర్పడదు. వాస్తవంలోని కొన్ని అంశాలను ఎంచుకొని, వాటిని ప్రస్ఫుటం చేయడం ద్వారా వార్త ఒక అర్థాన్ని నిర్మిస్తుందని రాబర్ట్ ఎంట్‌మన్ 1993లో ప్రతిపాదించారు. అదే సంవత్సరం మైకేల్ మెస్నర్, మార్గరెట్ డంకన్, కెరీ జెన్సెన్ అమెరికా టెలివిజన్ క్రీడావ్యాఖ్యానాన్ని పరిశీలించి, మహిళల పోటీలకు 'మహిళల' అనే విశేషణం విధిగా తగిలిస్తారని, పురుషుల పోటీలకు అలాంటి గుర్తు ఉండదని చూపారు. వయోజనులైన క్రీడాకారిణులను 'అమ్మాయిలు' అనడాన్ని, పురుషులను ఇంటిపేరుతో, స్త్రీలను తొలిపేరుతో పిలవడాన్ని కూడా వారు ఎత్తిచూపారు.

ఈ కొలమానాలన్నీ తెలుగుకు ఉన్నవి ఉన్నట్లుగా అన్వయించవు. తెలుగువారిలో గోపీచంద్ అయినా, సింధు అయినా వ్యక్తినామంతోనే వార్తకెక్కుతారు. కాబట్టి ఇంటిపేరు ఇక్కడ అంతస్తును చెప్పదు. తెలుగులో అంతస్తును చెప్పేవి క్రియాపదం చివరి ప్రత్యయం, బంధుత్వపదం, సర్వనామం. పక్షపాతాన్ని వెతకవలసిన చోట్లు అవే.

2. 'అమ్మాయి': వయసు పెరగని పదం

2017 జూలైలో లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఆడిన భారతజట్టు సారథి మిథాలీ రాజ్ వయసు అప్పటికి 34 ఏళ్లు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాపై గెలిచి కప్పు అందుకున్న హర్మన్‌ప్రీత్ కౌర్ వయసు 36. రెండు సందర్భాల్లోనూ తెలుగు శీర్షికలకు సులువుగా దొరికిన పదం 'అమ్మాయిలు'. పురుషుల జట్టు 'టీమిండియా'గా, సారథి పేరుతో 'సేన'గా కనిపిస్తుంది. 'కుర్రాడు' అనే మాట పురుషులకూ ఉంది. కాని అది తొలి మ్యాచ్‌ల కాలానికి చెందిన మాట. ఆటగాడు స్థిరపడగానే రాలిపోతుంది. 'అమ్మాయి' మాత్రం క్రీడాజీవితం ముగిసేదాకా రాలదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన సమస్య కాదు. ఏ విశేషణమూ లేని 'ప్రపంచకప్' అనే మాట పురుషుల ప్రపంచకప్‌కే స్థిరపడినందువల్ల వాస్తవమే తప్పిపోతుంది. క్రికెట్ ప్రపంచకప్ 1975లో మొదలైందని రాయడం పరిపాటి. అంతకు రెండేళ్ల ముందే, 1973లో, ఇంగ్లండ్‌లో మహిళల ప్రపంచకప్ జరిగింది. వన్డేల్లో తొలి ద్విశతకం 2010లో గ్వాలియర్‌లో సచిన్ తెందూల్కర్ చేశారని పోటీపరీక్షల పుస్తకాలు కూడా నేర్పుతాయి. 1997 డిసెంబరులో ముంబయిలో డెన్మార్క్‌పై ఆస్ట్రేలియా సారథి బెలిండా క్లార్క్ అజేయంగా 229 పరుగులు చేశారు. 'పురుషుల' అనే ఒక్క విశేషణం చేర్చితే ఈ రెండు వాక్యాలూ నిజమవుతాయి. అది లేనందువల్ల అబద్ధమవుతున్నాయి. అంకెలు పక్షపాతానికి అతీతమన్న నమ్మకం ఇక్కడే సడలిపోతుంది.

చదరంగంలో దీనికి మరో రూపం కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిచింది. ఒక జట్టులో అర్జున్ ఇరిగేశి, పెంటేల హరికృష్ణ, మరో జట్టులో ద్రోణవల్లి హారిక ఉన్నారు. మొదటి విభాగం పేరు 'ఓపెన్'. అందులో ఆడడానికి స్త్రీలూ అర్హులే. దానిని 'పురుషుల విభాగం' అని అనువదించినప్పుడు తలుపు తెరిచి ఉన్న గది మూసిన గదిగా మారుతుంది.

3. ఏకవచనం: ఆత్మీయత, అంతస్తు

తెలుగులో స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహద్వాచకాలతోను, బహువచనంలో మహద్వాచకాలతోను నడుస్తాయన్నది బాలవ్యాకరణం నుంచి పరిచితమైన విషయం. అందువల్ల 'సింధు గెలిచింది', 'జట్టు గెలిచింది', 'గుర్రం గెలిచింది' అనే మూడు వాక్యాలకూ క్రియారూపం ఒకటే. 'శ్రీకాంత్ గెలిచాడు' అన్నప్పుడు పురుషుడికి వేరే రూపం ఉంది. ఇది భాషాస్వభావం, దీనికి పత్రికలను నిందించలేము. అయితే తెలుగు మరో రూపాన్ని కూడా ఇచ్చింది. 'గెలిచారు' అనే గౌరవబహువచనంలో స్త్రీపురుషభేదం తొలగిపోతుంది. ఎవరికి ఏ రూపం వాడాలన్నది వ్యాకరణం నిర్ణయించదు, డెస్క్ నిర్ణయిస్తుంది.

సన్మానవార్తల్లో ఈ నిర్ణయం స్పష్టంగా తెలుస్తుంది. మంత్రి శాలువా 'కప్పారు'. క్రీడాకారిణి జ్ఞాపిక 'అందుకుంది'. ఒకే వాక్యంలో ఇద్దరు వయోజనులు. పతకం తెచ్చినవారికి ఏకవచనం, దండ వేసినవారికి బహువచనం. పురుష క్రీడాకారులకూ 'కొట్టాడు', 'పడగొట్టాడు' అనే ఏకవచనమే వాడతారు గదా అనవచ్చు. నిజమే. కాని ఆ పురుషుడు పాలకమండలిలోకో, చట్టసభలోకో వెళ్లగానే వార్తాపుటల్లో 'అన్నారు' అవుతారు. అంటే ఈ ఏకవచనం ఆత్మీయతతోపాటు అధికారం లేకపోవడాన్ని కూడా సూచిస్తుంది. 'మనమ్మాయే గదా' అన్న భావన ఈ ఏకవచనానికి నైతికమైన అనుమతి ఇస్తుంది. బంధుత్వపదం, ఏకవచన క్రియ ఒకదానికొకటి ఆసరాగా నిలుస్తాయి.

4. 'మన'లో దాగిన 'మా'

'మనము', 'మేము' అనే భేదం తెలుగుకున్న సూక్ష్మసంపద. మొదటిది వినేవారిని కలుపుకుంటుంది, రెండోది వదిలిపెడుతుంది. 'మన సింధు' అన్నప్పుడు పత్రిక పాఠకులందరినీ ఒక కుటుంబంలో చేర్చుతున్నట్లు కనిపిస్తుంది. ఆ కుటుంబం హద్దు ఎక్కడన్నది మాత్రం ఆ పదం చెప్పదు.

2016 ఆగస్టు 19న రియోలో కరొలినా మారిన్ చేతిలో ఓడి సింధు రజతం సాధించారు. రాష్ట్రం విడిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది. తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు నజరానా ప్రకటించాయి. ఆమె ఏ రాష్ట్రానికి చెందుతారన్న వాదం సాగింది. రెండు వైపులా 'మన' అన్నారు. రెండు చోట్లా అది 'మా' అనే ధ్వనించింది. అదే రోజుల్లో ఆమె కులమేమిటని అంతర్జాలంలో వెతికినవారు పెరిగారని, ఆ వెతుకులాటలో తెలుగు రాష్ట్రాలే ముందున్నాయని వార్తలు వచ్చాయి.

సాధారణంగా వ్యక్తుల కులప్రస్తావనను పరిహరించాలని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి చెబుతుంది. సింధు విజయవార్త రాయడానికి కులం పేరు అవసరమూ లేదు. కాని ఒక క్రీడాకారిణిని 'మన బిడ్డ' అని పరిచయం చేసిన తరువాత 'ఎవరి బిడ్డ' అన్న ప్రశ్న పాఠకుల్లో పుట్టడం వింత కాదు. బంధుత్వభాష ఆ ప్రశ్నకు దారి వేసింది. కులసమాజం తన అలవాటు ప్రకారం జవాబు వెతుక్కుంది. సింధుకు నిజంగా ఉన్న కుటుంబవారసత్వం వేరు. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యులు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణి. ఆ వారసత్వం ఆటది. 'మన' అనే మాట దానిని రక్తసంబంధంగా మార్చి చూపుతుంది.

5. షరతులతో కూడిన బంధుత్వం

బంధుత్వం ఇచ్చే స్థానాన్ని బంధుత్వమే వెనక్కు తీసుకోగలదు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జాను 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించినప్పుడు, ఒక శాసనసభ్యుడు ఆమెను 'పాకిస్థాన్ కోడలు' అన్నారు. తాను భారతీయురాలినని, చివరిదాకా భారతీయురాలిగానే ఉంటానని ఆమె సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఈ వివాదాన్ని రాజకీయవ్యాఖ్యగానే చర్చించారు; అందులోని భాషాతర్కాన్ని పట్టించుకోలేదు. స్త్రీని 'ఆడపడుచు' అని గుర్తించే వ్యవస్థలో పెళ్లితో ఆమె ఇల్లు మారుతుంది. పుట్టింటి పదంతో గౌరవించిన భాషే మెట్టినింటి పదంతో బహిష్కరించగలదు. పురుష క్రీడాకారుడిని 'ఫలానా దేశపు అల్లుడు' అని అనర్హుడిని చేసిన వాదం వినిపించదు.

2016లో మహిళల డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానంలో ఉన్న ఇదే క్రీడాకారిణిని ఒక టెలివిజన్ ముఖాముఖిలో ఎప్పుడు స్థిరపడతారని అడిగారు. ఆమె ఎదురుప్రశ్నతో అడిగినవారు అక్కడే క్షమాపణ చెప్పారు. 2017 ప్రపంచకప్ ముందు మిథాలీ రాజ్‌ను ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగితే, పురుష క్రికెటర్లను ఇలాగే అడుగుతారా అని ఆమె నిలదీశారు. రెండు ప్రశ్నలూ ద్వేషంతో అడిగినవి కావు. ఇంట్లో అమ్మాయిని అడిగే చనువుతో అడిగినవి.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. చిన్నతనంలో ఆమెను ఎగతాళి చేసి, వదిలించుకొమ్మని కూడా కొందరు సలహా ఇచ్చారని తల్లిదండ్రులు తరువాత విలేకరులకు చెప్పారు. 2024లో కోబెలో 400 మీటర్ల టి20 విభాగంలో 55.07 సెకన్ల ప్రపంచరికార్డుతో స్వర్ణం, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచాక ఆమె 'ఓరుగల్లు బిడ్డ' అయ్యారు. 'బిడ్డ' అనే ఆ మాట పతకం తరువాత వచ్చింది. పతకం రాని పిల్లలకు ఆ మాట లేదు, ఆ పుట కూడా లేదు.

6. ఆక్షేపణలు

అపరిచితులను 'అక్కా', 'అమ్మా', 'అన్నా' అని పిలవడం తెలుగువారి సంస్కారమని, దానిని తప్పుపట్టకూడదని అనవచ్చు. ఇక్కడ సంబోధనకు, నిర్దేశానికి భేదం పాటించాలి. బస్సులో కండక్టర్ 'అమ్మా' అన్నప్పుడు ఎదుటివారు 'అన్నా' అని బదులు పలకవచ్చు; ఆ బంధుత్వం పరస్పరం. పత్రిక 'మన అమ్మాయి' అన్నప్పుడు క్రీడాకారిణికి బదులు పలికే చోటు లేదు. అక్కడ పత్రిక పెద్దరికం తీసుకుంటుంది.

పరిస్థితి మారుతోందన్న మాటలోనూ నిజముంది. 'హర్మన్ సేన' అనే ప్రయోగం వినిపిస్తోంది. 2022 అక్టోబరులో మహిళా క్రికెటర్లకు పురుషులతో సమానమైన మ్యాచ్ ఫీజు ప్రకటించాక ఆ ఆటను వృత్తిగా చూడడం పెరిగింది. 2025 విజేతల్లో ఒకరైన కడప జిల్లా శ్రీచరణి గురించి రాసేటప్పుడు ఆమె ఎడమచేతి స్పిన్ ముందుకు వస్తుందా, ఆమె ఎవరి అమ్మాయి అన్నది ముందుకు వస్తుందా అన్నదే ఈ మార్పు లోతును తెలిపే గీటురాయి.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు క్రీడావార్తల్లో లింగపక్షపాతం నిందకంటే ప్రశంసలో ఎక్కువగా వ్యక్తమవుతుంది. అందువల్ల దానిని గుర్తించడం కష్టం.

2. పాశ్చాత్య పరిశోధనల్లోని కొలమానాలకు బదులుగా క్రియాప్రత్యయం, బంధుత్వపదం, 'మన/మా' భేదం తెలుగుకు తగిన కొలమానాలవుతాయి.

3. 'మహిళల' అన్న ప్రతిచోటా సమానంగా 'పురుషుల' అనకపోతే చరిత్రే తప్పుగా నమోదవుతుంది.

4. ఒకే పుటలో వయోజనులందరికీ ఒకే గౌరవరూపం పాటించడం భాషాపరంగా సులభం. అడ్డు వ్యాకరణం కాదు, అలవాటు.

ఈ కొలమానాలను పరీక్షించడానికి 2024 డిసెంబరు చివరి రోజులు మంచి సామగ్రి అందిస్తాయి. 28న మెల్‌బోర్న్‌లో విశాఖకు చెందిన 21 ఏళ్ల నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో స్థానంలో దిగి తొలి టెస్టు శతకం చేశారు. అదే తేదీన న్యూయార్క్‌లో 37 ఏళ్ల కోనేరు హంపి 2019 తరువాత రెండోసారి ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం చాంపియన్ అయ్యారు. ఒకటి ఒక ఇన్నింగ్స్, మరొకటి ప్రపంచ కిరీటం. ఇద్దరూ తెలుగువారే. భారత కాలమానం ప్రకారం మొదటిది 29నాటి పత్రికల్లో, రెండోది 30నాటి పత్రికల్లో చూడవలసి ఉంటుంది. ఆ రెండు రోజుల సంచికల్లో శీర్షికలను, క్రియారూపాలను, కుటుంబప్రస్తావనలను, ఆటకు కేటాయించిన వాక్యాలను వేరుచేసి లెక్కించడం స్నాతకోత్తర స్థాయి విద్యార్థులు కూడా చేయదగిన పని. మాధ్యమాల భాషపై తెలుగు శాఖల్లో జరిగే పరిశోధన రాజకీయవార్తల దగ్గరే ఆగకుండా క్రీడల పుటకు విస్తరించాలి. పాఠకులు అనుమానించకుండా చదివే పుట అదే.