షంటింగ్ ఇంజనుకీ ఓ చరిత్ర

కొవ్వూరు వాళ్లకి రైలంటే గోదావరి దాటే బండి. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద ఎక్స్‌ప్రెస్ హోరెత్తుతూ వెళ్తుంటే తలతిప్పి చూడనివాళ్లు ఉండరు. పెట్టెల్ని కలిపి, వ్యాగన్లని ఈ లైన్లోంచి ఆ లైన్లోకి మార్చి బండిని తయారుచేసే షంటింగ్ ఇంజను మాత్రం ఎవరి కంటా పడదు.

ఆ పనిలో నేర్పంతా నెమ్మదిలోనే ఉంది. మన రైల్వే నిబంధనల ప్రకారం షంటింగ్‌లో మామూలుగా గంటకి 15 కిలోమీటర్లు దాటకూడదు. పట్టాల మళ్లింపు చూసే పాయింట్స్‌మన్ ఊపే పచ్చజెండా మీదే కళ్లు నిలిపి, డ్రైవరు ఇంజనుని మెల్లగా వ్యాగన్‌కి ఆనించాలి. కప్లింగ్ పడాలి, లోపలి సరుకు చెదరకూడదు.

ఇలాంటి పనికి ఆవిరి ఇంజను దండగ. కదిలినా, కదలకపోయినా బొగ్గు కాలుతూనే ఉండాలి. 1930లలో బ్రిటన్‌లోని లండన్ మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్ రైల్వే దీనికి విరుగుడు వెతికింది. పాత ఆవిరి ఇంజను ఫ్రేము మీద డీజిల్ ఇంజను ఎక్కించి, హైడ్రాలిక్ పద్ధతిలో నడిపి చూసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్, ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీల డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజన్లనీ పరీక్షించింది.

గెలిచింది డీజిల్-ఎలక్ట్రిక్కే. డీజిల్ ఇంజను జనరేటర్ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాల్ని తిప్పుతాయి. ఆగినచోటు నుంచి కదిలేటప్పుడే ఆ మోటారు లాగుడు ఎక్కువ. నిలబడ్డ పెట్టెల వరసని కదిలించడానికి కావలసింది సరిగ్గా అదే.

ఆ తొలితరం ఇంజన్లలో 7069 నంబరుది పెద్ద కథ. 1940లో సైన్యంతో ఫ్రాన్సు వెళ్లింది, సైన్యం వెనుదిరిగినా అది అక్కడే ఉండిపోయింది. 1987లో మళ్లీ ఇంగ్లండ్ చేరింది. ఆ డిజైన్‌లోంచే 350 హార్స్‌పవర్ క్లాస్ 08 రకం షంటింగ్ ఇంజను పుట్టింది. 1952 నుంచి 1962 దాకా అవి 996 తయారయ్యాయి.

అన్ని నమూనాలకీ ఆ యోగం పట్టలేదు. 1950లలో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ 500 హార్స్‌పవర్‌తో రెండు ఇంజన్లు చేసింది. డి0226 డీజిల్-ఎలక్ట్రిక్, డి0227 డీజిల్-హైడ్రాలిక్. రెంటికీ ఆర్డర్లు రాలేదు. అయినా డి0226ని పాత ఇంజన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కాపాడుకున్నారు.

మన యార్డుల్లో వారణాసి కార్ఖానా చేసిన డబ్ల్యూడీఎస్-6 రకం షంటింగ్ ఇంజను ఇదే డీజిల్-ఎలక్ట్రిక్ పద్ధతిలో ఏళ్ల తరబడి చాకిరీ చేసింది. అలాగే ఆ రకం ఇంజన్లలో ఒక్కదాన్నైనా విజయవాడలోనో, విశాఖలోనో కదిలే స్థితిలో ఉంచాలి. దాన్ని నడిపిన డ్రైవర్లు, పాయింట్స్‌మెన్ చేతే కుర్రాళ్లకి షంటింగ్ చేసి చూపించాలి. ఆ పని తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే ఇది జరగాలి.