తెలియని బైట్ జోలికి పోకుండా

కొత్తగా వాకీటాకీ కొన్న హ్యామ్‌కు, అంటే అమెచ్యూర్ రేడియో వాడే మనిషికి, మొదట ఎదురయ్యే పని అందులో ఛానెళ్లు నింపుకోవడం. బావోఫెంగ్ యూవీ-5ఆర్ సంగతే తీసుకోండి. చౌకగా దొరికి ప్రపంచమంతా పాకిన సెట్టు అది. దాంట్లో 128 ఛానెళ్లు పడతాయి. ఒక్కోదానికీ వినే ఫ్రీక్వెన్సీ, పంపే ఫ్రీక్వెన్సీ, రిపీటర్ మన మాటను అందుకోవడానికి కావలసిన టోను, పవర్ ఎంత, స్కాన్‌లో ఉండాలా వద్దా అన్నవి విడివిడిగా ఎక్కించాలి. మీటలు నొక్కుతూ నాలుగైదు ఛానెళ్లు పెట్టేసరికే ఓపిక అయిపోతుంది. ఇక ఛానెల్‌కు పేరు పెట్టడం ఆ సెట్టులో మీటలతో కుదరనే కుదరదు. కంప్యూటర్‌కు తగిలించి తీరాలి.

తయారీదారులు ఇచ్చే సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్‌లోనే నడుస్తుంది, అదీ తమ మోడల్‌కే. ఇంట్లో మూడు రకాల సెట్లుంటే మూడు సాఫ్ట్‌వేర్లు. ఒకదాంట్లో కష్టపడి తయారుచేసుకున్న జాబితా ఇంకోదాంట్లోకి రాదు. ఈ బాధ తీర్చింది చిర్ప్. డాన్ స్మిత్ అనే అమెరికన్ హ్యామ్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పైథాన్‌లో రాశారు. సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. వందలాది మోడళ్ల ఛానెళ్లు ఒకే రకం పట్టికలో కనిపిస్తాయి. ఒక సెట్టులోంచి చదివినవాటిని కాపీ చేసి మరో కంపెనీ సెట్టులో అతికించుకోవచ్చు. అయితే బజారులోకి కొత్త సెట్టు దిగినప్పుడల్లా దాని పద్ధతి తెలుసుకొని ఎవరో ఒకరు డ్రైవర్ రాయాలి. తీరిక దొరికితే నేను ఇష్టంగా కూర్చునేది ఈ పని ముందే.

సెట్టు పక్కన మైకు, ఇయర్‌ఫోను గుచ్చుకునే రెండు రంధ్రాలుంటాయి కదా, కేబుల్ వెళ్లేది వాటిలోకే. కెన్‌వుడ్ సెట్ల నుంచి వచ్చిన ఆ రెండు పిన్నుల ప్లగ్గునే ఇప్పుడు చాలా చైనా సెట్లు వాడుతున్నాయి. "సెట్టు పలకడం లేదండీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ప్లగ్గు పూర్తిగా దిగిందా అని. ప్లగ్గు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సెట్టు అంచుకు తగిలి, పిన్ను వెంట్రుకవాసి బయటే ఆగిపోతుంది. బ్లేడుతో ఆ ప్లాస్టిక్‌ను కాస్త చెక్కితే చాలామందికి సమస్య అక్కడే తీరిపోతుంది. అప్పటికీ పలక్కపోతే కేబుల్‌లో ఉన్న నకిలీ చిప్‌ను అనుమానించాలి.

కేబుల్ కుదిరాక అసలు పని మొదలు. యూవీ-5ఆర్‌తో కంప్యూటర్ సెకనుకు 9600 బిట్ల వేగంతో మాట్లాడుతుంది. ముందుగా ఏడు బైట్లు పంపాలి, హెక్స్ అంకెల్లో: 50, బీబీ, ఎఫ్ఎఫ్, 20, 12, 07, 25. ఒక్కో బైట్ పంపాక చిర్ప్ సెకనులో నూరో వంతు ఆగుతుంది. లెక్క సరిపోతే సెట్టు 06 అని బదులిస్తుంది. కంప్యూటర్ 02 పంపితే సెట్టు తానెవరో చెప్పుకుంటుంది. అక్కడి నుంచి "ఫలానా చిరునామా దగ్గర మొదలుపెట్టి 64 బైట్లు ఇవ్వు" అని అడుగుతూ పోవడం, వచ్చినవాటిని వరుసగా పేర్చుకోవడం. పాత ఫర్మ్‌వేర్ (సెట్టు లోపలి ప్రోగ్రామ్) ఉన్న యూవీ-5ఆర్‌లకు ఆ ఏడు బైట్లు వేరు. పెట్టె మీద అచ్చు అదే పేరుంటుంది, లోపలి పలకరింపు మారిపోతుంది.

కొత్త సెట్టు పలకరింపు ఏమిటో చెప్పే పుస్తకం ఉండదు. తయారీదారు సాఫ్ట్‌వేర్‌ను నడుపుతూ, సీరియల్ పోర్టులో అటూ ఇటూ పోయే ప్రతి బైట్‌నూ రాసిపెట్టే మరో ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టుకొని చూడాలి. చాలాసార్లు పాత సెట్టే కొత్త పేరుతో వచ్చిందని అక్కడే తేలిపోతుంది. అప్పుడు పని సులువు. పాత డ్రైవర్ క్లాసును ఆధారం చేసుకొని పలకరింపు బైట్లు, ఛానెళ్ల సంఖ్య, పవర్ లెవెళ్లు మారిస్తే సరిపోతుంది. కొన్ని సెట్లు మాత్రం బైట్లను ఎక్స్‌ఓఆర్ లెక్కతో మార్చి పంపుతాయి. తెలిసిన ఫ్రీక్వెన్సీని ఒక ఛానెల్‌లో పెట్టి, రావలసిన బైట్లకూ వచ్చిన బైట్లకూ మళ్లీ అదే ఎక్స్‌ఓఆర్ కడితే కీ బయటపడుతుంది.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి పని. సెట్టులోంచి చదివిన బైట్లన్నీ ఇమేజ్ అనే ఒక ఫైలుగా చేతిలో ఉంటాయి. చూస్తే అంకెల అడవి. అందులో ఏది ఎక్కడుందో కనిపెట్టాలి. మొదట తెలిసిన దాన్ని వెతుకుతాను. మీటలతో 145.500 మెగాహెర్ట్జ్ ఒక ఛానెల్‌లో పెట్టి సెట్టును చదివితే, యూవీ-5ఆర్ కుటుంబంలో అది 00 00 55 14 అని కనిపిస్తుంది. పది హెర్ట్జ్‌ల లెక్కన 14550000 అనే సంఖ్యను జంట అంకెలుగా విడదీసి, చివరి జంటను ముందుకు తెచ్చి రాసుకుంటుందన్నమాట. టోను 88.5 అయితే పదింతలు చేసి 885. హెక్స్‌లో అది 0375, దాన్నీ తిప్పి 75 03గా దాచుకుంటుంది. ఒక్క ఛానెల్ ఇలా దొరికితే చాలు, దాని నుంచి 16 బైట్ల దూరంలో తర్వాతి ఛానెల్ ఉంటుంది. వాడని ఛానెళ్ల చోట వరుసగా ఎఫ్ఎఫ్‌లే.

సెట్టింగులు ఇంత తేలిగ్గా లొంగవు. ఒక ఇమేజ్ చదివి దాచుకుంటాను. సెట్టులో స్క్వెల్చ్‌ను, అంటే సిగ్నల్ లేనప్పుడు గరగరను ఆపే సెట్టింగును, 3 నుంచి 4కు మారుస్తాను, ఇంకేదీ ముట్టుకోను. మళ్లీ చదివి రెండు ఇమేజ్‌లనూ పోల్చితే ఒకచోట 03 కాస్తా 04 అయి ఉంటుంది. అదే స్క్వెల్చ్. ఒక్కోసారి రెండు బైట్లు మారతాయి. ఒకటి నేను మార్చిన సెట్టింగు, రెండోది నేను చూడకుండానే మారిన ఇంకేదో. మధ్యలో వేలు తగిలి ఛానెల్ జరిగి ఉండొచ్చు. అందుకే పాత విలువకు తెచ్చి, మళ్లీ మార్చి, మళ్లీ చదివి చూస్తాను. వరుసగా అదే బైట్ కదిలితేనే దానికి పేరు పెడతాను. మెనూలో ఉన్న ప్రతి అంశానికీ ఇదే తంతు. బయటివాళ్లకు ఇది విసుగు పనిలా కనిపిస్తుందని తెలుసు. నాకు మాత్రం ఒక్కో బైట్‌కు పేరు దొరుకుతుంటే రాత్రి ఎంతయిందో తెలియదు.

అన్నిటికీ పేర్లు దొరకవు. యూవీ-5ఆర్ డ్రైవర్‌లో ఒక ఛానెల్‌కున్న 16 బైట్లే చూడండి. నాలుగు వినే ఫ్రీక్వెన్సీకి, నాలుగు పంపే ఫ్రీక్వెన్సీకి, రెండు వినే టోనుకు, రెండు పంపే టోనుకు. మిగిలిన నాలుగు బైట్లలో పవర్, బ్యాండ్ వెడల్పు, స్కాన్ లాంటివి బిట్లుగా సర్దుకొని ఉంటాయి. వాటి మధ్యలో కొన్ని బిట్లకు 'అన్‌నోన్' అనే పేరే ఉంది. ఎంతోమంది చేతులు పడిన కోడ్‌లో కూడా ఆ మాట ఇంకా అలాగే ఉండటం చూస్తే నాకు చాలా గౌరవం కలుగుతుంది. తెలియనిదాన్ని తెలియదని రాసి, సెట్టు ఇచ్చిన విలువను యథాతథంగా తిరిగి సెట్టుకు అప్పగించడం డ్రైవర్ రాసేవాడి మొదటి ధర్మం. అద్దె ఇంట్లో యజమాని తాళం వేసుకున్న గదిని మనం తెరవం కదా, ఇదీ అంతే. ఆ బైట్లలో ఆ ఒక్క సెట్టుకే ఫ్యాక్టరీలో సరిచేసిన విలువలు ఉండొచ్చు. ట్రాన్స్‌మిటర్ పవర్ ఎంత, ఏ స్థాయి సిగ్నల్‌కు స్క్వెల్చ్ తెరుచుకోవాలి అన్నవి సెట్టు సెట్టుకూ తేడాగా ఉంటాయి. ఒకరి ఇమేజ్‌ను గుడ్డిగా ఇంకొకరి సెట్టులోకి ఎక్కిస్తే ఆ సరిచేతలన్నీ కొట్టుకుపోతాయి. ఇమేజ్‌లోని ఫర్మ్‌వేర్ వెర్షన్ యూవీ-5ఆర్‌లోని వెర్షన్‌తో కలవకపోతే చిర్ప్ రాయడం ఆపేసేది ఇందుకే.

అందుకే రాయడానికి ముందు నేను ఎంత తొందర ఉన్నా తప్పని వరుస ఒకటుంది. చదివిన తొలి ఇమేజ్‌ను వేరుగా భద్రపరచడం. దాన్ని ఒక్క బిట్ మార్చకుండా తిరిగి రాయడం. మళ్లీ చదివి, రెండూ అచ్చం ఒకటేనని చూసుకోవడం. అప్పుడే ఒక ఛానెల్ మార్చడం. బ్యాటరీ నిండుగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. నాకు ఈ విద్యలో పెద్దదిక్కు అయిన ఓ సీనియర్ హ్యామ్ ఉన్నారు. ఫోన్‌లో ఆయన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏం బాబూ, రాసింది మళ్లీ చదివి చూశావా?"

"చూశానండీ, కలిసింది."

"సెట్టు ఆపి మళ్లీ ఆన్ చేసి చూశావా?"

ఆయన అడిగేదాంట్లో పస ఉంది. పవర్ పోయి వచ్చాక నిలిచిందే మెమరీలో నిజంగా పడినట్టు.

డ్రైవర్ పూర్తయ్యాక చిర్ప్‌కు పంపేటప్పుడు దాంతోపాటు ఆ సెట్టునుంచి చదివిన ఇమేజ్ కూడా ఇవ్వాలి. రేపు ఎవరో ఇంకో మోడల్ కోసం కోడ్ మార్చినా ఆ ఇమేజ్ మీద పరీక్షలు నడుస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఇచ్చిన ఆ ఫైలు, ఆ సెట్టు బజారులో దొరకడం మానేసిన తర్వాత కూడా దాన్ని కాపాడుతూనే ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల సెట్ల కోసం ఇంత శ్రద్ధ పెట్టే పద్ధతి నాకు చాలా ఇష్టం.

హ్యామ్ రేడియోకు మన హైదరాబాద్‌లో పెద్ద చరిత్రే ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో ఇక్కడే మొదలైంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున వెళ్లిన హ్యామ్‌లు అండమాన్‌లోనే ఉండి అత్యవసర సందేశాలు అందించారు. వాళ్లకు అక్కరకొచ్చినవి దూరాలు పలికే హెచ్‌ఎఫ్ సెట్లు. కానీ తుపాను తాకిన ఊళ్లో ఈ వీధి నుంచి ఆ వీధికి మాట చేరాలంటే చేతి సెట్లే కావాలి. అప్పుడు తలా ఒక కంపెనీ సెట్టు పట్టుకొని వస్తారు. అందరి సెట్లలోనూ ఒకే ఛానెళ్లు ఒకే వరుసలో, ఒకే పేర్లతో గంటలో పడాలి. అలాంటి రోజున చిర్ప్ జాబితాలో లేని ఒక్క మోడల్ ఉన్నా ఆ మనిషి మీటలతోనే కుస్తీ పట్టాలి. డ్రైవర్ రాయడాన్ని నేను సరదా పనిగా మాత్రమే చూడలేకపోవడానికి కారణం ఇది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సెట్లలో చాలావాటికి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకూ పలికే సామర్థ్యం ఉంటుంది. సెట్టు పలకగలదు కాబట్టి మనం పలకొచ్చని కాదు. మన దేశంలో హ్యామ్‌లకు ఆ మేరలో ఇచ్చింది 144 నుంచి 146 వరకే, అదీ పరీక్ష పాసై కేంద్ర ప్రభుత్వ విభాగమైన డబ్ల్యూపీసీ నుంచి లైసెన్సు తీసుకున్నవాళ్లకే.

మీ దగ్గరున్న సెట్టు చిర్ప్ జాబితాలో లేకపోతే దగ్గరి పేరున్న మోడల్‌ను ఎంచుకొని రాసే ప్రయత్నం చేయకండి. పెట్టె మీది మోడల్ పేరు, బ్యాటరీ తీస్తే వెనక లేబుల్ మీద కనిపించే పేరు రెండూ ఫొటో తీయండి. ఫర్మ్‌వేర్ వెర్షన్ రాసుకోండి. యూవీ-5ఆర్ అయితే 3 మీట నొక్కిపట్టి ఆన్ చేస్తే అది తెరమీద కనిపిస్తుంది. తయారీదారు సాఫ్ట్‌వేర్ ఉంటే, మీరు ఇంకేమీ మార్చకముందే దాంతో ఒకసారి సెట్టును చదివి ఆ ఫైలు దాచండి. డ్రైవర్ రాయడానికి కూర్చునే మనిషికి మొదట కావలసినవి ఇవే.