పొడంపేట: తెరమీది ఊరు, నోటిలోని ఊరు

సముద్రం మింగిన ఊళ్ల చిత్రాలకు ఈ మధ్య అంతర్జాలంలో గిరాకీ పెరిగింది. ఒడిశాలో గంజాం జిల్లా తీరాన, ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న పొడంపేట చిత్రాలు వాటిలో తరచుగా కనిపిస్తాయి. సగం కూలిన ఇల్లు, రంగు ఇంకా వదలని గోడ, తలుపు లేని గుమ్మంలోంచి కనిపించే అల. డ్రోన్ పైకి లేస్తుంది, వెనక వేణువో వయొలినో మోగుతుంది, ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి పోతుంది. మన విద్యార్థులు వీటిని ఒకరికొకరు పంపుకుంటున్నారు. పంపుకోవడంలో తప్పేమీ లేదు. తెలుగునాటికి వెలుపల ఉండి తెలుగు చదువుకునే మనకు గ్రంథాలయమూ దూరమే, ఊరూ దూరమే. చేతిలోని ఫోను దగ్గర. అయితే వీటిని కళ అని పంచుకుంటున్నాం గనుక కళను పరిశీలించినట్లే పరిశీలించాలి. ఆ పని ఇక్కడ కొంత చేయదలిచాం.

ఈ చిత్రాలలో నేర్పు లేదని మేము అనం. సాయంకాలపు వెలుగును పట్టుకోవడం, శూన్యాన్ని చట్రంలో ఇమడ్చడం తెలిసిన వాళ్లే వీటిని తీశారు. లోపం మరోచోట ఉంది. పది చిత్రాలు వరుసగా చూసినా ఆ ఇళ్లలో ఎవరున్నారో, ఏ భాష మాట్లాడారో తెలియదు. పొడంపేట ప్రధానంగా తెలుగు మాట్లాడే సముద్రపు జాలరుల పల్లె. ఊరిపేరు చివరనున్న 'పేట'యే ఆ మాట చెబుతున్నది. ఒడియా వాళ్లు వీళ్లను నోలియాలంటారు. ఈ తీరమంతటా వీళ్లు తమను తాము వాడబలిజలనీ జాలారులనీ చెప్పుకుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా రెండు ముక్కలై, బరంపురం, ఛత్రపురం ప్రాంతాలు అటు చేరాయి. గీత ఎక్కడ గీసినా వల వేసేవాడు ఉన్నచోటే ఉన్నాడు, మాట్లాడే మాటే మాట్లాడాడు. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ గుమ్మం ఒట్టి గుమ్మం కాదు. దాని అవతలినుంచి తెలుగులో ఒక పిలుపు వినిపించవలసి ఉంది.

ఇంగ్లీషు వ్యాఖ్యలలో ఎక్కువగా కనిపించే మాట 'దయ్యాల ఊరు'. ఈ మాటతో మాకు పేచీ ఉంది. ఊరు చచ్చిపోలేదు, కదిలింది. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దం నుంచి కోత తీవ్రమై, వరుస వెంబడి వరుసగా ఇళ్లు పోయాయి. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఈ తీరాన్ని ఇంకా దెబ్బతీసింది. జనం లోపలికి జరిగి కొత్త పొడంపేట కట్టుకున్నారు. కోతకు కారణాలుగా పరిశోధకులు నదీముఖం స్థానం మారుతూ ఉండడాన్నీ, దక్షిణాన గోపాల్‌పూర్ రేవులో కట్టిన అడ్డుకట్టలనూ ప్రస్తావిస్తారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నడిచే ఇసుకకు అడ్డం పడితే దిగువ తీరం బక్కచిక్కుతుంది. అంటే ఈ శిథిలాలకు ఒక చరిత్ర ఉంది, దానిలో మనుషుల చేయి కూడ ఉండవచ్చు. 'దయ్యాలు' అన్నప్పుడు ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే తీరిపోతుంది.

తాబేళ్ల వీడియోలది మరో దారి. ఋషికుల్యా ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని శాస్త్రలోకం నమోదు చేసింది 1994లో. 2023లోనూ 2025లోనూ వాటి సంఖ్య ఆరు లక్షలు దాటినట్లు అటవీ అధికారులు లెక్క చెప్పారు. ఆ దృశ్యం చూసి ముగ్ధులం కాకుండా ఉండలేం. కాని పక్క పల్లెల జాలరులు ఆ వీడియోలలో చాలావరకు నీడలుగానే మిగిలిపోతారు.

ఇక వెతకడం గురించి ఒక మాట. పొడంపేటను రోమన్ లిపిలో వెతికితే శిథిలాలూ తాబేళ్లూ వస్తాయి. ఒడియా లిపిలో వెతికితే వార్తలు వస్తాయి. తెలుగు లిపిలో వెతికినప్పుడు మాకు దొరికినది బహు స్వల్పం. రోమన్ అక్షరాలు 'డ'కారాన్నీ 'ద'కారాన్నీ వేరుచేయవు గనుక పేరు ఎలా పలకాలో కూడ వాటివల్ల తెలియదు. తెలుగు ఊరిపేరు తెలుగులో రాసి ఉండకపోతే వెతికేవాడికి ఆ ఊరు తెలుగువారిదని తోచదు.

వెతుకులాటలో మాకు దొరికిన నిజమైన నిధి చిత్రం కాదు, ఒక పాత పుస్తకం. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఇప్పుడు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వలసపాలన కోసం కులాలను కొలిచి రాసిన పుస్తకమది. థర్‌స్టన్ మనుషుల ముక్కులు కూడ కొలిచిన అధికారి. ఆ జాగ్రత్తతోనే చదవాలి. అయినా ఈ తీరపు జాలరులు కొలిచే దేవతల వర్ణన అక్కడ కనిపించినప్పుడు మేము ఆగిపోయాం. చేత కత్తి పట్టి నల్ల ఏనుగు మీద వచ్చే రాజమ్మ ఉంది. గొడ్రాళ్లకు బిడ్డలనిస్తుంది, వలల నిండా చేపలిస్తుంది. వెయ్యికన్నులమ్మ ఉంది, ఆమె రూపం చిల్లులు పొడిచిన కుండ, లోపల నువ్వులనూనె దీపం. వెలిగిస్తే ప్రతి చిల్లూ ఒక కన్ను. శిల్పశాస్త్రం చదవని చేతులు, కుండతో దీపంతో చేసిన ఈ రూపకల్పన ముందు డ్రోన్ చిత్రాలు మాకు పలచగా కనిపించాయి. వీళ్లందరి సరసన బంగాళీ బాబు అనే దేవుడు: తలకు టోపీ, ఎక్కేది నల్ల గుర్రం, పని వేటకు పోయినవాళ్లను కాపాడడం. గోపాల్‌పూర్ ఒకప్పుడు స్టీమర్ల రేవు. అక్కడినుంచి కూలీలు రంగూనుకు ఓడలెక్కారు. ఆ రాకపోకల్లో చూసిన ఏ టోపీ దొరో దేవుడై ఉంటాడని మా ఊహ. ఊహగానే చెబుతున్నాం.

ఈ ప్రాంతపు తెలుగు పుస్తకాలకెక్కకపోవడానికి ఇంకో కారణం కూడ ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తి పదకోశాల కృషి ఎంత గొప్పదో విద్యార్థులకు చెప్పనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. కాని ఆ సేకరణ ఆ రాష్ట్రపు జిల్లాలను ఉద్దేశించినది. గంజాం అప్పటికే హద్దుకు అవతల ఉంది. పాత గంజాం జిల్లాలోనే, పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరకు వెళ్లి, వాళ్ల నోటినుంచి భాష నేర్చుకుని, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చు వేయించారు. జనం నోటి తెలుగుకోసం పోరాడినదీ ఆయనే. ఆ జిల్లా తీరాన వలలకూ తెప్పలకూ చేపలకూ గాలివాటాలకూ ఉన్న తెలుగు మాటలను ఎవరు రాసుకున్నారు?

ఇందుకు విరుగుడు కూడ ఫోనులోనే ఉంది. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల జాలరి కుర్రవాళ్లు నడిసముద్రంలో తామే తీసిన వేట వీడియోలు ఇప్పుడు లక్షలమంది చూస్తున్నారు. చట్రం వంకరగా ఉంటుంది, గాలి హోరుకు సగం మాట వినపడదు. కాని వల లాగుతూ వాళ్లు అరిచే ప్రతి కేకా ఒక పదకోశంలోని ఆరోపం. ఏ చేపకు ఏ పేరో, ఏ ముడికి ఏ పేరో వాళ్లే చెబుతారు, మధ్యలో వేళాకోళాలాడతారు. కళగా కూడ మేము వీటికే పెద్దపీట వేస్తాం. ఎందుకంటే ఇక్కడ కెమెరా వెనకనున్నవాడికీ ముందున్నవాడికీ పని ఒకటే.

బరంపురం, ఛత్రపురం పరిసరాల్లో చదువుకునే విద్యార్థులు కొత్త పొడంపేటకు వెళ్లడం కష్టమైన పని కాదు. వెళ్లితే ముందు అనుమతి అడగండి. తర్వాత గోడలను కాదు, పెద్దవాళ్ల మాటను పట్టండి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, వాళ్లు ఒప్పుకుంటేనే రాసి, ఊరిపేరు తెలుగు లిపిలో పెట్టి పంచండి. వెయ్యికన్నులమ్మ కుండను ఇప్పటికీ వెలిగిస్తున్నారా, ఊరు కదిలినప్పుడు అమ్మవారిని ఎలా తెచ్చుకున్నారు, బంగాళీ బాబును ఎరిగినవాళ్లు ఎవరైనా మిగిలారా అని అడగండి. ఆయన టోపీ ఎలా ఉంటుందో కూడ మాకు రాయండి.