సైటేషన్ నుంచి వ్యాసం దాకా

న్యాయశాస్త్ర పరిశోధనకు పనికొచ్చే వనరులు రెండు రకాలు. చట్టాలు, తీర్పులు, రాజ్యాంగ సభ చర్చలు మూల వనరులు. వాటిని విశ్లేషిస్తూ పండితులు రాసిన వ్యాసాలు, గ్రంథాలు అనుబంధ వనరులు. మూల వనరులు ఇప్పుడు చాలావరకు ఉచితంగానే దొరుకుతున్నాయి. కేంద్ర చట్టాలు ఇండియా కోడ్‌లో ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పుల కోసం 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ మొదలైంది. జర్నల్ వ్యాసాల సంగతి వేరు. వాటిలో ఎక్కువ భాగం చందా కట్టిన సంస్థలకే అందుతాయి. ఆ చందా కట్టేది విశ్వవిద్యాలయ గ్రంథాలయం కనుక వెతుకులాట అక్కడే మొదలుపెట్టాలి.

వ్యాసాన్ని పట్టుకోవడానికి అన్నిటికంటే నమ్మకమైన ఆధారం సైటేషన్. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ తీర్పులో వారెన్, బ్రాండైస్ 1890లో రాసిన ‘గోప్యత హక్కు’ వ్యాసం ప్రస్తావనకు వస్తుంది. దాని సైటేషన్ 4 హార్వర్డ్ లా రివ్యూ 193. మొదటి సంఖ్య సంపుటిని, మధ్యలోని పేరు జర్నల్‌ను, చివరి సంఖ్య వ్యాసం మొదలయ్యే పుటను చెబుతాయి. ఈ మూడు ముక్కలు చేతిలో ఉంటే శీర్షిక గుర్తులేకపోయినా వ్యాసం దొరుకుతుంది. తీర్పుల సైటేషన్ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. పుట్టస్వామి తీర్పుది (2017) 10 ఎస్‌సీసీ 1. అంటే 2017 నాటి సుప్రీంకోర్టు కేసెస్ పదో సంపుటి, ఒకటో పుట.

ఏ వ్యాసం ఏ డేటాబేస్‌లో ఉంటుందో తెలియడం తర్వాతి మెట్టు. హైన్ఆన్‌లైన్ బలం న్యాయ జర్నళ్ల పాత సంచికలు. చాలా జర్నళ్లను మొదటి సంపుటి నుంచీ అచ్చు పుటల రూపంలోనే చూపిస్తుంది కాబట్టి పుట సంఖ్య ఉటంకించడంలో తేడా రాదు. జేస్టోర్‌లో చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్ర జర్నళ్లు ఎక్కువ. చాలా జర్నళ్ల కొత్త సంచికలు అందులోకి కొన్నేళ్లు ఆలస్యంగా చేరతాయి. బాగా పాతబడిన వ్యాసాలు మాత్రం చందా లేకుండానే తెరుచుకుంటాయి. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర భారతీయ తీర్పులకు పేరుపడ్డాయి. వాటిలో ఇక్కడి న్యాయ జర్నళ్ల వ్యాసాలూ ఉంటాయి. ఒక్క డేటాబేస్‌లో కనిపించనంత మాత్రాన వ్యాసమే లేదనుకోకూడదు.

సైటేషన్ లేనప్పుడు విషయాన్ని బట్టి వెతకాలి. ఇక్కడ పదాల ఎంపికే కీలకం. ఆంధ్రప్రదేశ్ కౌలురైతుల హక్కుల మీద పరిశోధన చేసేవారు ‘టెనెంట్’ అన్న ఒక్క మాటతో వెతికితే సగం సామగ్రి జారిపోతుంది. తెలంగాణ ప్రాంతపు 1950 చట్టానికీ, ఆంధ్ర ప్రాంతపు 1956 చట్టానికీ ఆ మాట సరిపోతుంది. 2011 చట్టం వాళ్లను లైసెన్స్‌డ్ కల్టివేటర్లు అంది, 2019 చట్టం క్రాప్ కల్టివేటర్లు అంది. ఈ మాటలన్నిటినీ ‘ఆర్’తో కలిపితే వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాసం జాబితాలోకి వస్తుంది. ‘యాండ్’తో రాష్ట్రం పేరు జోడిస్తే జాబితా కుదించుకుపోతుంది. రెండు మూడు మాటల పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అవే మాటలు అదే వరుసలో ఉన్నవి మాత్రమే మిగులుతాయి.

మంచి వ్యాసం ఒకటి దొరికాక వెతుకులాట రెండు వైపులా సాగుతుంది. దాని ఫుట్‌నోట్లు అంతకుముందు వచ్చిన రచనలను చూపిస్తాయి. దాన్ని తర్వాత ఎవరెవరు ఉటంకించారో గూగుల్ స్కాలర్ చూపిస్తుంది. దాని సెట్టింగుల్లో గ్రంథాలయం పేరు చేర్చుకుంటే, గ్రంథాలయం ఆ ఏర్పాటు చేసివున్నప్పుడు, చందా ఉన్న ప్రతికి లింకు ఫలితం పక్కనే కనిపిస్తుంది.

క్యాంపస్ నెట్‌వర్క్‌లో డేటాబేస్‌లు సాధారణంగా వాటంతటవే తెరుచుకుంటాయి. ఇంటి నుంచి చూడాలంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ వంటి లాగిన్ కావాలి. ప్రభుత్వ విద్యాసంస్థల కోసం కేంద్రం 2025 జనవరిలో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలుపెట్టింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించిన ఈ పథకంలో 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు దాదాపు 13,000 ఉన్నాయి. తమకు కావలసిన న్యాయ జర్నల్ అందులో ఉందో, విశ్వవిద్యాలయం విడిగా చందా కడుతోందో గ్రంథాలయం ఇచ్చే జాబితాలో చూసుకోవాలి. ఎక్కడా లేకపోతే డెల్‌నెట్ వంటి సంస్థల ద్వారా వేరే గ్రంథాలయం నుంచి ప్రతి తెప్పించమని లైబ్రేరియన్‌ను అడగవచ్చు. పాత భారతీయ జర్నళ్లు కొన్ని బైండు చేసిన సంపుటాల్లోనే ఉంటాయి. వాటికి ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ ప్రచురించే న్యాయ పత్రికల సూచిక ఆసరా.

దొరికిన వ్యాసం ఏనాటిదో చూడటం తప్పనిసరి. గోప్యత మీద 2017కు ముందు రాసినవారు 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పునూ, 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పునూ లెక్కలోకి తీసుకుని రాశారు. గోప్యతకు రాజ్యాంగ రక్షణ లేదన్న మేరకు ఆ రెండింటినీ పుట్టస్వామి తీర్పు కొట్టివేసింది. అలాగే 2024 జూలై 1కి ముందు వచ్చిన వ్యాసంలో హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 అని ఉంటే, ఆ రోజు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 103 అయింది.

ఇప్పుడు కృత్రిమ మేధ ఇచ్చే సైటేషన్లతో మరో జాగ్రత్త అవసరమైంది. చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనేలేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. సైటేషన్ ఎక్కడి నుంచి వచ్చినా ఆ సంపుటి తెరిచి, ఆ పుట చదివిన తర్వాతే దాన్ని ఫుట్‌నోట్‌లో చేర్చాలి.