ఇంటి డయాలిసిస్: ఆయుష్షు పెంచేది ఇల్లా, గంటలా?

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగికి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు హీమోడయాలిసిస్ చేయడం మన దేశంలో పరిపాటి. ఆసుపత్రికి వెళ్ళకుండా ఇంట్లోనే చేసుకునేవారు ఎక్కువకాలం బతుకుతున్నారని విదేశీ రోగుల రికార్డులను తిరగేసిన అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ అంకెలతో పేచీ లేదు. ఆయుష్షు పెంచింది ఇల్లేనని తేల్చేయడంతోనే పేచీ.

ఒక జూనియర్ కాలేజీ ప్రవేశపరీక్ష పెట్టి, మంచి మార్కులు తెచ్చుకున్నవారినే చేర్చుకుంటుందనుకోండి. ఇంటర్‌లో దాని ఫలితాలు బాగుంటే ఆ ఘనతంతా అధ్యాపకులదే అంటారా? ఇంటి డయాలిసిస్ కూడా అలాంటి కాలేజీయే. యంత్రం నడపడం నేర్చుకోగలిగినవారు, పక్కన సాయపడే మనిషి ఉన్నవారు, ఇతర జబ్బులు తక్కువగా ఉన్నవారు అందులో చేరతారు. పైగా శిక్షణకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డయాలిసిస్ మొదలుపెట్టిన తొలి నెలల్లోనే మరణాలు ఎక్కువ. అవన్నీ ఆసుపత్రి ఖాతాలో పడతాయి. ఆ గండం గడిచినవారే ఇంటి ఖాతాలోకి వస్తారు. వయసు, మధుమేహం వంటి తేడాలను గణితంతో సరిచేయవచ్చు. రోగి పట్టుదలనూ, సూది గుచ్చే భార్య ఓపికనూ ఏ సూత్రంలో పెడతారు?

రోగులను చీటీలు వేసి రెండు జట్లుగా విడదీస్తే ఈ చిక్కు తీరుతుంది. అదంత తేలిక కాదు. హీమోడయాలిసిస్‌ను, పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పెరిటోనియల్ డయాలిసిస్‌తో ఇలా పోల్చాలని నెదర్లాండ్స్‌లో ప్రయత్నించారు. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం అర్హులైన 773 మందిలో చీటీకి ఒప్పుకున్నవారు 38 మందే!

ఉత్తర అమెరికాలో జరిగిన రెండు ప్రయోగాలు మరింత ఆసక్తికరమైనవి. మొదటిదాని ఫలితాలు 2010లో వచ్చాయి. 245 మందిలో కొందరికి వారానికి మూడుసార్లు, కొందరికి ఆరుసార్లు డయాలిసిస్ చేశారు. ఆరుసార్లు చేయించుకున్నవారి గుండె పరిస్థితి మెరుగుపడింది. గమనించండి, ఇది జరిగింది కేంద్రంలోనే, ఇంట్లో కాదు! రెండవ ప్రయోగంలో 87 మంది. వారిలో ఒక జట్టు ఇంట్లోనే వారానికి ఆరు రాత్రులు నిద్రలో డయాలిసిస్ చేసుకుంది. స్పష్టమైన మేలేదీ తేలలేదు. తర్వాతి సంవత్సరాలను కూడా కలిపి చూస్తే ఆ జట్టులోని 45 మందిలో 14 మంది, మూడుసార్ల జట్టులోని 42 మందిలో 5 గురు మరణించారు. ఇంత చిన్న సంఖ్యలతో రాత్రి డయాలిసిస్‌ను ప్రమాదకరమనడం తొందరపాటే. ఇల్లు దానంతటదే ఆయుష్షు పోస్తుందనడం అంతకన్నా తొందరపాటు.

మరి తేడా ఎక్కడుంది? సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలిసిస్ చేయించుకునే రోగికి శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారమే. ఆ విరామంలో ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి. అమెరికాలో 32 వేలకు పైగా రోగుల లెక్కలు చూసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పెద్ద విరామం ముగిసిన రోజునే మరణాలు ఎక్కువని తేలింది. ఇంట్లో యంత్రం ఉన్నవారు ఆ విరామాన్ని తెంచుకోగలరు. తలచుకుంటే కేంద్రాలూ తెంచగలవు.

ఇక మనవాళ్ళ సంగతి. తెలంగాణ నుంచి వలసవెళ్ళిన నేత కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో పెద్దసంఖ్యలో ఉన్నాయి. మరమగ్గంపై పన్నెండేసి గంటలు పనిచేసే మనిషికి కేంద్రంలో గడిపే ప్రతి పూటా కూలి నష్టమే. కనుక ఇంటి డయాలిసిస్ అవసరం ఇలాంటివారికే ఎక్కువ. కానీ లెక్క చూడండి. సాధారణ యంత్రంలో నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రవం పారుతుంది. శుద్ధిచేయడంలో పోయే నీరు దీనికి అదనం. ఒకే గది ఉన్న ఇంట్లో యంత్రం, నీటి శుద్ధి పరికరం, మంచం ఎక్కడ పెడతారు? 2016 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమం కూడా జిల్లా ఆసుపత్రుల్లోని కేంద్రాల చుట్టూ అల్లుకున్నదే. పెరిటోనియల్ పద్ధతికి మార్గదర్శకాలు 2019లో గాని రాలేదు. ఆ పద్ధతికి యంత్రం తప్పనిసరి కాదు. సాధారణంగా రోజుకు నాలుగుసార్లు రెండేసి లీటర్ల సంచి మార్చుకుంటే చాలు. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, లేకపోతే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆ నేతకార్మికుడి గదిలో ఇమిడే ఇంటి డయాలిసిస్ ఇదే. ఇంటి యంత్రాన్నీ ఆసుపత్రి యంత్రాన్నీ పోల్చే అధ్యయనాల్లో మాత్రం దీని ఊసే ఉండదు.