భావమునకు పేరు పెట్టుట

మార్షా లైనహాన్ 1993లో వెలువరించిన చికిత్సాగ్రంథము వ్యక్తిత్వవికారములలో ‘బోర్డర్‌లైన్’ అనబడు దానిని గూర్చినది. క్షణములో ఉప్పొంగి ఎంతకును చల్లారని ఉద్వేగమే అందు ప్రధాన బాధ. ఆత్మహత్యాప్రయత్నములకును అది దారి తీయును. కావున రోగి తన భావమును గుర్తించి పేరు పెట్ట నేర్వవలెను. ప్రేరక సంఘటన, దానికి తాను చెప్పుకొన్న అర్థము, దేహమందలి మార్పు, చేయబుద్ధియైన పని, వీనిని వేర్వేరుగా చూడుమనును. విభావానుభావముల నెరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. కాని పోలిక అంతవరకే. సహృదయుడు పరుల శోకము నాస్వాదించును. రోగికి ఆ ఎడము లేదు, చికిత్స దానినే కల్పింపజూచుచున్నది.

తెనుగువారియెడ ఒక చిక్కు గలదు. భావములకు మాటలు దొరకని స్థితికి సిఫ్నియోస్ 1970ల ఆరంభమున ‘అలెక్సితీమియా’ అని పేరిడెను. భావమడిగిన శరీరముమాట చెప్పుట దాని గురుతులలో ఒకటిగా ఎంచుదురు. మరి ‘ఒళ్లు మండినది’ అన్నది కోపము. ‘కడుపు మండినది’ అన్నది అన్యాయము చూచి కలిగిన కోపము, ఒక్కొక్కప్పుడు అసూయ. ‘గుండె చెరువైనది’ దుఃఖము. ఇవి మాటల లేమిచే పుట్టినవి కావు. వైద్యుడు కడుపు నొక్కి చూచిన ఏమియు దొరకదు!

ఇంట తెనుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో ఒడియాయో మాటలాడువారికి ఈ భేదములే మొదట జారిపోవును. పరభాషలో ‘కోపము’ అని ఒక్క ముక్క చెప్పి ఊరకున్నవానిని భావదరిద్రుడని వ్రాసికొనుట తొందరపాటు. మండినది ఒళ్లా, కడుపా యని ఇంటిమాటలో అడిగిన వాడే చెప్పును.