తిరగరాసినకొద్దీ

పోయిన వారం మీరు చదివిన చేపలావిడ కాలమ్ నేను రెండోసారి రాసింది. మొదటి ప్రతి చించేశాను.

అందులో ఆమె కష్టాలన్నీ వరసగా పేర్చాను. చీకటితో లేవడం, ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట, తల మీద తట్ట, తీరని వడ్డీ. రాశానే గానీ పంపబుద్ధి కాలేదు. మర్నాడు వెళ్లి ఆమెకే చదివి వినిపించాను. చితక్కొట్టిన ఐసు కోనాం చేపల మీద పరుస్తూ అంతా వింది. “నానేటి ముష్టెత్తుతున్నానేటి బాబూ? యాపారం సేస్తన్నాను” అంది.

తిరిగొస్తూ సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం దాటుతున్నా ఆ మాట చెవిలోనే ఉంది. అప్పుడే గురజాడ, ఆయన వెంటే జర్మన్ కవి గోథే గుర్తొచ్చారు. ఇద్దరి నాటకాల వెనకా ఆడపిల్లల గోడే ఉంది. ఇద్దరూ ఒకసారి రాసి ఊరుకోలేదు.

విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన, డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే శుల్క వివాహాలు లెక్క కట్టిస్తే 1034 తేలాయి. పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. ఆ దురాచారం మీద పుట్టిందే గురజాడ నాటకం కన్యాశుల్కం. అటు ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1772 జనవరిలో, కన్నబిడ్డను చంపిందని సుసన్నా బ్రాంట్ అనే పనిమనిషి తల నరికారు. అప్పటికి గోథే అదే ఊళ్లో ఇరవై రెండేళ్ల లాయరు. ఆయన నాటకం ఫౌస్ట్‌లో గ్రెట్చెన్ అనే అమ్మాయి కథకు ఆ కేసే ప్రేరణ.

గోథే తొలి చిత్తుప్రతిలో గ్రెట్చెన్‌కు దక్కింది శిక్షే. 1808లో అచ్చయిన మొదటి భాగంలో మాత్రం, ఆమె గట్టెక్కిందని పైనుంచి ఒక గొంతు పలుకుతుంది. గోథే రెండో భాగం ముగించింది 1831లో, ఎనభై దాటాక. అందులో, తన బతుకు పాడుచేసిన ఫౌస్ట్ ఆత్మ కోసం వేడుకునేది ఆ గ్రెట్చెనే.

1892లో ఆడించి, 1897లో అచ్చు వేయించిన నాటకాన్ని గురజాడ 1909 నాటికి దాదాపు కొత్తగా రాశారు. అయిదంకాలు ఏడయ్యాయి. అందులోని వేశ్య మధురవాణి ఎంతో ఎదిగింది. విశాఖపట్నంలో, వేశ్య ముఖం చూడనన్న సౌజన్యారావు పంతులు ఇంట్లోనే నిలబడి, మనిషిని మనిషిగా చూడటం ఆయనకు నేర్పింది.

తిరగరాయడమంటే మాటలు చెక్కుకోవడమని చాలాకాలం అనుకున్నాను. మాటల పని అందులో ఉంది, నిజమే. కానీ మొదటిసారి రాసేటప్పుడు నా జాలి నాకు అడ్డొస్తుంది. దాన్ని పక్కకు తీసి చూస్తేనే అవతలి మనిషి పూర్తిగా కనబడుతుంది. గోథేకి అది అరవై ఏళ్ల పని, గురజాడకి పన్నెండేళ్లకు పైబడిన పని. నాకు ఒక్క రాత్రే దొరికింది.

ఆ రాత్రి కష్టాల చిట్టా తీసేసి, నేను చూసిన బేరం ఒక్కటే రాశాను. యాభై తగ్గించమంటాడు కొనేవాడు. ఆమె నవ్వి, తట్ట మీద తడిగుడ్డ కప్పేస్తుంది. నాలుగడుగులు వేసి అతనే వెనక్కి వస్తాడు.